తపాలా ఖర్చులు ప్రత్యేకం

పాత తెలుగు పత్రికలు ఎక్కడైనా దొరికితే ఈసారి కథలూ సీరియళ్ళూ వదిలేసి ప్రకటనలు చూడండి. తలనూనె, మందు, నవల, చేతిగడియారం... ఏదైనా సరే, ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్నగా "తపాలా ఖర్చులు ప్రత్యేకం" అని ఉంటుంది. వస్తువు ధర చూసి మనసు పడేది మనమే, ఆ కింది ముక్క చూసి మనసు చంపుకునేదీ మనమే. ఇప్పుడు దాన్నే "షిప్పింగ్ ఎక్స్‌ట్రా" అంటున్నారు. మాట మారింది గానీ మంట మారలేదు.

మా హాలియా లాంటి ఊళ్ళో ఉండేవాళ్ళకు ఈ ముక్క బాగా తెలుసు. ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే మిర్యాలగూడ పోవాలి. మంచి చీరకు నల్లగొండో హైదరాబాదో పోవాలి. కాబట్టి పోస్టులో, పార్శిల్లో తెప్పించుకోవడం మా అత్తమ్మల కాలం నుంచీ ఉన్నదే. అప్పటినుంచీ ఆడవాళ్ళు చేస్తున్న ఒక చిన్న లెక్క ఉంది. మూడు వస్తువులు మూడు కట్టలుగా వస్తే ఎంత, ఒకే కట్టగా వస్తే ఎంత? ఈ లెక్కకు కూడా ఒక చరిత్ర ఉంది, రాజ్యాల సరిహద్దులు దాటిన చరిత్ర. ఇవాళ దాని గురించే.

కంపెనీ కాలంలో పార్శిళ్ళు మోసే తపాలాను "బంగీ" అనేవాళ్ళు. బంగీ అంటే మరేం కాదు, మన కావడి. వెదురు బద్దకు రెండు వైపులా బరువు వేలాడదీసి, ఒక మనిషి భుజాన వేసుకుని, ఒక మజిలీ దాకా పోయి ఇంకో మనిషికి అందించేవాడు. ఉత్తరాల సంచీతో పరుగెత్తే హర్కారా వేరు, ఈ కావడి మనిషి వేరు. బరువునూ దూరాన్నీ బట్టి రేటు. మనిషి భుజం మీద పోయే సరుకు గనుక ఆ లెక్కలో న్యాయం ఉంది. ప్రతి సేరుకూ, ప్రతి కోసుకూ ఎవడి భుజమో నొప్పి పెట్టేది.

1854 అక్టోబరు 1న ఉత్తరాలకు దూరం లెక్క తీసేశారు. ఇంగ్లండులో 1840లో రోలండ్ హిల్ పట్టుబట్టి తెచ్చిన పద్ధతి అది. ఉత్తరం పక్కూరికి పోయినా దేశం ఆ చివరికి పోయినా ఒకటే రేటు, బరువును బట్టి మాత్రమే. పావు తులం ఉత్తరానికి అర్ధణా. మారుమూల ఊరి మనిషీ పట్నం మనిషీ సమానమైన చోటు ఏదైనా ఉందంటే అది ఆ అర్ధణా బిళ్ళ దగ్గరే అని నాకనిపిస్తుంది. ఇప్పటి కొన్ని కొరియర్లు మన పిన్‌కోడు చూడగానే "రిమోట్ ఏరియా" అని అదనంగా అడుగుతున్నప్పుడు ఆ పాత ఏర్పాటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

ఆడవాళ్ళ వరకు అసలు మలుపు మాత్రం 1877లో వచ్చింది. ఆ ఏడు మొదలైందే వి.పి.పి. వాల్యూ పేయబుల్ పోస్టు. చిన్నప్పుడు మనమందరం విన్న మాటే, "వీపీ వచ్చింది, డబ్బులు కట్టి తీసుకోవాలి" అని. అమ్మేవాడు పార్శిల్ పోస్టాఫీసులో ఇస్తూ ఎంత వసూలు చేయాలో రాసి ఇస్తాడు. పోస్టుమాన్ మన గుమ్మంలో ఆ డబ్బు తీసుకుని కట్ట మన చేతిలో పెడతాడు. ఆ డబ్బు మనియార్డరుగా అమ్మినవాడికి చేరుతుంది. ఇప్పుడు మనం క్యాష్ ఆన్ డెలివరీ అని కొత్తగా మురిసిపోతున్నది ఇదే. ఈ విషయంలో మనం అమెరికా కంటే ముందున్నాం తెలుసా? అక్కడ నాలుగు పౌండ్లు దాటిన పార్శిల్‌ను 1913 దాకా పోస్టాఫీసు ముట్టుకునేదే కాదు. గుమ్మంలో డబ్బు కట్టి తీసుకునే పద్ధతి అక్కడి పోస్టులో మొదలైంది కూడా ఆ ఏడాదే. అప్పటికి మన దగ్గర వీపీకి 36 ఏళ్ళు.

వీపీ వల్ల ఒక మేలు జరిగింది, దాన్ని చరిత్ర పుస్తకాల్లో ఎవరూ రాయరు. బజారులో నోరు తెరిచి అడగలేనివి ఆడవాళ్ళు ఇంటికి తెప్పించుకోగలిగారు. మద్రాసులో కె.ఎన్. కేసరి గారు కేసరి కుటీరం పెట్టి ఆడవాళ్ళ నెలసరి బాధలకు "లోధ్ర" అనే మందు అమ్మారు. ఆయనే 1928లో "గృహలక్ష్మి" పత్రిక కూడా పెట్టారు. మందు పేరు పత్రికల్లో చదివి, ఒక కార్డు ముక్క రాసి తెప్పించుకోవచ్చు. కొట్టువాడి ముందు తలవంచుకుని నిలబడే పని లేదు. అంతకుముందే 1902లో ఏలూరు నుంచి "హిందూసుందరి" వచ్చింది, ఆడవాళ్ళ కోసం, ఆడవాళ్ళ సంపాదకత్వంలో. భండారు అచ్చమాంబ గారు మధ్య పరగణాల్లో, తెలుగు వినిపించని ఊళ్ళల్లో భర్తతో కాపురం చేస్తూ తెలుగు పత్రికలకు రాశారు. అంత దూరం నుంచి ఆమె రాతలను మనవాళ్ళకు చేర్చింది తపాలాయే గదా!

అయితే వీపీలో ఒక మెలిక ఉంది. రిజిస్ట్రేషను ఫీజు బరువుకు పడేది కాదు, కట్టకు పడేది. ఒక సీసా తెప్పించినా అంతే, మూడు సీసాలు తెప్పించినా అంతే. పార్శిల్ చార్జీలో కూడా మొదటి మెట్టే ఎత్తు, ఆ పైన మెట్లు పొట్టివి. అంటే ఒక్క వస్తువు తెప్పించుకునే మనిషే అందరికంటే ఎక్కువ నష్టపోతుంది. మరి ఒక్కటే తెప్పించుకునేది ఎవరు? చేతిలో తక్కువ డబ్బున్నవాళ్ళు. ఇంట్లో అడిగి తీసుకోవాల్సినవాళ్ళు. వస్తువు ధరనైతే "అవసరం" అని చెప్పొచ్చు. పోస్టు ఖర్చును ఏమని చెప్తాం?

ఇక మన ప్రాంతం సంగతి ఇంకా చిత్రం. హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట అన్నీ నిజాం రాజ్యం. కృష్ణ దాటితే అవతల మాచర్ల, గుంటూరు జిల్లా, అంటే ఇంగ్లీషువాళ్ళ మద్రాసు రాష్ట్రం. నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా శాఖ ఉండేది, 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలు ఉండేవి. వాటి మీద ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ అక్షరాల్లోనూ విలువ రాసేవాళ్ళు. ముద్దుగానే ఉంటాయి చూడ్డానికి. కానీ ఆ బిళ్ళ రాజ్యం దాటితే చెల్లదు! అవతలి ఒడ్డున ఉన్న పుట్టింటికి ఉత్తరం రాయాలంటే ఇంగ్లీషువాళ్ళ బిళ్ళ కావాలి. ఏరు ఒకటే, భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే. తపాలాలు మాత్రం రెండు.

డబ్బులూ రెండే. ఇక్కడ హాలీ సిక్కా, అక్కడ కల్దారు. (హాలియాకూ హాలీకీ ఏ సంబంధమూ లేదు. మా అబ్బాయి అడిగాడు కాబట్టి చెబుతున్నా.) ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. మద్రాసు పత్రికలో ఆరు రూపాయలని చూసిన వస్తువుకు ఇక్కడి ఇల్లాలు ఏడు లెక్క పెట్టుకోవాలి, ఆ పైన తపాలా ఖర్చులు ప్రత్యేకం.

ఇంకా తమాషా మునగాల. కోదాడ దగ్గరి ఆ పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, అది మాత్రం కృష్ణా జిల్లా కింద, మద్రాసు రాష్ట్రంలో ఉండేది. చుట్టూ నీళ్ళున్న లంకలాగా. మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు, అచ్చమాంబ గారి తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఇంకా కొందరు కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. రెండేళ్ళకు అది మద్రాసుకు మారింది. తెలుగు పుస్తకం తెలుగువాళ్ళ ఇళ్ళకు చేరాలన్న పని మన చుట్టుపక్కలవాళ్ళే మొదలుపెట్టారన్నమాట. 1922లో నల్లగొండ నుంచి "నీలగిరి" పత్రిక వచ్చింది, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారి "గోలకొండ" వచ్చింది. ఇవన్నీ తపాలా మీద ఆధారపడి బతికినవే. రెండు తపాలాలు ఒకటైంది 1950 ఏప్రిల్‌లో, నిజాం శాఖ భారత తపాలాలో కలిసినప్పుడు. ఆ తర్వాతే విజయవాడ నుంచి హాలియాకు పార్శిల్ రావడం ఒకే ఇంటి రెండు గదుల మధ్య వ్యవహారమైంది.

కట్టలు కలపడం మనం ఒక్కళ్ళమే కనిపెట్టింది కాదు. చికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే ఆయన 1872లో ఒకే ఒక్క కాగితం మీద ధరలు అచ్చువేసి, పల్లెల్లోని రైతులకు సరుకులు పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. రైలువాళ్ళు ఎంత చిన్న మూటకైనా వంద పౌండ్ల బరువుకు తగ్గకుండా చార్జీ వేసేవాళ్ళు. పది గజాల గుడ్డ తెప్పించినా వంద పౌండ్ల చార్జీ! అందుకని ఇరుగుపొరుగు కుటుంబాలు కూర్చుని, అందరి జాబితాలూ ఒక కాగితం మీద రాసి, వంద పౌండ్లు నిండేలా ఆర్డరు పంపేవాళ్ళు. ఆ తర్వాత వచ్చిన సియర్స్ కంపెనీ అయితే, చుట్టుపక్కల వాళ్ళతో కలిసి "క్లబ్ ఆర్డరు" పంపండి అని తన క్యాటలాగులోనే చెప్పింది. ఎక్కడో పశ్చిమాన మైదానాల్లో ఒంటరి ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళకు పొరుగామె ఇంటికి పోవడానికి అదొక వంక అయ్యుంటుందని నా ఊహ.

మా ఇంట్లో ఆ క్లబ్ నడిపింది మా అత్తమ్మ.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు సాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మా వైపు వచ్చింది. జొన్నా ఆముదమూ పండే చేలల్లో వరి వచ్చింది, చేతిలో నాలుగు పైసలు ఆడాయి. ఆ కాలువ పక్కన భూములు కొనుక్కోవడానికి కృష్ణా, గుంటూరు వైపు నుంచి కుటుంబాలు వచ్చాయి. 1974లో మా అత్తమ్మ కొత్తకోడలుగా వచ్చేసరికి ఊళ్ళో చదువుకున్న ఆడవాళ్ళు నలుగురే నలుగురట. ఆమె, ఆమె యారాలు, బడిపంతులు గారి భార్య, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అక్క. నలుగురికీ నవలల పిచ్చి. యద్దనపూడి సులోచనారాణి గారి పేరు చెబితే అన్నం మానేసే రోజులు. మచిలీపట్నం ఎం. శేషాచలం అండ్ కంపెనీ, అదే మన ఎమెస్కో, పాకెట్ పుస్తకాలు తక్కువ ధరకు వేసి "ఇంటింటా సొంత గ్రంథాలయం" అని ఊరించిన కాలం. పుస్తకం చవకే. కానీ ఒక్క పుస్తకం తెప్పిస్తే పోస్టు ఖర్చు పుస్తకం ధరతో పోటీ పడేది.

"ఒక్కదానికి తెప్పిస్తే పోస్టు పైసలే పుస్తకమంత అయితయి. నలుగురం కలిస్తే ఏందంట? ఒక్క కట్టల వస్తయి, ఒక్కసారి పైసలు కడితె అయిపాయె" అని మొదలుపెట్టిందట అత్తమ్మ. విజయవాడలోని ఒక పుస్తకాల షాపుకు ఇన్‌లాండ్ లెటర్ మీద జాబితా పోయేది. ఎనిమిది పదీ పుస్తకాలు, ఒకే వీపీ, అత్తమ్మ పేరు మీద.

వినడానికి తేలికగా ఉంది గానీ తగాదాలు అక్కడే. పోస్టు ఖర్చు ఎట్లా పంచుకోవాలి? తలా పావు వంతా, పుస్తకానికి ఇంతనా, బరువును బట్టా? లావు పుస్తకం తెప్పించిన పంతులమ్మ ఎక్కువ ఇయ్యాలని యారాలు అన్నదట. "నా పుస్తకం లావుంటే నువ్వు చదవవా మరి?" అని ఆమె. చివరికి తలా పావు వంతే ఖాయమైంది, ఎందుకంటే నలుగురూ నాలుగు వంతుల పుస్తకాలూ చదువుతారు. ఎవరి పేరు మీద పార్శిల్ వస్తే వాళ్ళు మొదటి పుస్తకం ఎంచుకోవాలి, అది ఇంకో రూలు. పార్శిల్ ఎప్పుడూ అత్తమ్మ పేరు మీదే వచ్చేది కాబట్టి ఈ రూలు ఎవరు పెట్టారో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒకసారి నాట్ల సమయంలో వచ్చింది పార్శిల్. ఇంట్లో ఉన్న పైసలన్నీ కూలీలకు పోయాయి, మిగతా ముగ్గురి పరిస్థితీ అదే. వీపీని పోస్టాఫీసులో ఏడు రోజులు ఉంచుతారు. ఆలోగా డబ్బు కట్టకపోతే వాపసు. వాపసు పోతే పంపినవాడికి రానూ పోనూ ఖర్చు దండగ. అట్లాంటి చిరునామాకు ఇంకోసారి వీపీ పంపరు, పంపినా ముందు సగం డబ్బు పంపమంటారు. అంటే నలుగురి చదువూ ఆ ఏడు రోజుల మీద ఉంది. మామయ్యను అడగొచ్చు గదా అన్నాను నేను. "అడిగితె ఇస్తడు. ఇచ్చినంక ఏమేం పుస్తకాలు, ఎందుకిన్ని అని చూస్తడు. అప్పటిసంది లెక్క ఆయన చేతిల ఉంటది" అంది. ఆరో రోజున పాల డబ్బులు వచ్చాయి. నేరుగా పోస్టాఫీసుకు పోయి విడిపించుకుంది. మిగతావాళ్ళ వాటా వసూలయ్యేసరికి కోతలు వచ్చాయట.

నాకు ఆ మాట బాగా పట్టుకుంది, లెక్క ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. పోస్టు ఖర్చులో మిగిలేది రెండు రూపాయలో మూడు రూపాయలో. కానీ ఆ మిగులు వల్లే ఇంట్లో ఎవరినీ అడగకుండా పుస్తకం చదవడం సాధ్యమైంది.

ఇక మన కాలం. 1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ అనే ఆయన ఇంటర్నెట్‌లో వేలం పాట పెట్టే సైటు మొదలుపెట్టాడు. అదే తర్వాత ఈబే అయింది. అందులో మొట్టమొదట అమ్ముడుపోయింది పనిచేయని లేజర్ పాయింటరు, 14.83 డాలర్లకు. పాడైపోయిందని చెప్పినా కొన్నారంటే చూడండి! మన దేశంలో 2000లో బాజీ డాట్ కామ్ అని ఇలాంటిదే వచ్చింది. 2004లో దాన్ని ఈబే కొనుక్కుంది. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళింది, 2018 ఆగస్టులో మూతపడింది.

వేలంలో కొనేటప్పుడు పోస్టేజీ లెక్క మామూలు షాపు కంటే చిక్కు. ఒకే అమ్మకందారు దగ్గర మీరు ఐదు వస్తువులకు పాట పాడితే ఐదూ ఒకేసారి ముగియవు. ఒకటి సోమవారం, ఒకటి గురువారం, ఒకటి ఆదివారం అర్ధరాత్రి. గెలిచిన ప్రతిదానికీ ఒక బిల్లు, ప్రతి బిల్లులో ఒక పోస్టేజీ. గెలిచిన ఆనందంలో ఒక్కోదానికీ విడివిడిగా డబ్బు కట్టేస్తే ఐదు పోస్టేజీలూ కట్టినట్టే. అమ్మినామె మంచిదైతే తిరిగి ఇస్తుంది, కాకపోతే లేదు. అందుకే తెలిసినవాళ్ళు అన్ని పాటలూ అయ్యేదాకా డబ్బు కట్టరు. "మొత్తం కలిపి ఒకే బిల్లు పంపండి" అని ముందే అడుగుతారు. అలా అడగడానికి సైటులోనే ఏర్పాటుంది. అమ్మేవాళ్ళు కూడా ఎన్ని రోజుల లోపు కొన్నవి కలుపుతారో, రెండో వస్తువు నుంచి ఎంత తగ్గిస్తారో రాసి పెడతారు.

అమ్మేవాళ్ళకూ ఇందులో లాభమే. ఒకే డబ్బా, ఒకే చిరునామా చీటీ, పోస్టాఫీసుకు ఒకే నడక. కానీ పోస్టేజీ మీద కూడా వ్యాపారం చేసేవాళ్ళు ఉంటారు. ఒకప్పుడు ఈబేలో డాలరు లోపు ధర పెట్టి, పోస్టేజీ పదిహేను డాలర్లు వేసేవాళ్ళు. సైటు కమీషను వస్తువు ధర మీదే ఉండేది మరి. 2011లో అమెరికాలో పోస్టేజీ మీద కూడా కమీషను వేయడం మొదలుపెట్టాక ఆ తెలివికి లాభం తగ్గింది. కాకపోతే నిజాయితీగా పోస్టేజీ వేసే వాళ్ళ మీద కూడా ఆ కమీషను పడింది. ఎప్పుడూ అంతే గదా.

మా చిన్న మరిది న్యూజెర్సీలో ఉంటాడు. అతనికి నిజాం తపాలా బిళ్ళలు కూడబెట్టే పిచ్చి. అవును, ఏరు దాటితే చెల్లని ఆ బిళ్ళలే, ఇప్పుడు లండనులో ఒకరు అమ్మితే న్యూజెర్సీలో ఒకరు కొంటున్నారు. పోయిన చలికాలం ఇంగ్లండులోని ఒక అమ్మకందారు దగ్గర తొమ్మిది లాట్లు పాడాడు. ఒక్కోదానికి పోస్టేజీ నాలుగు పౌండ్లు, అంటే తొమ్మిదింటికి 36. తొమ్మిదీ కలిపి తూచినా ఒక శుభలేఖ బరువు ఉండవు. పదిరోజులు ఆగి ఒకే బిల్లు అడిగితే ఆరు పౌండ్లతో పోయింది. ఫోనులో ఈ సంగతి చెబుతుంటే అత్తమ్మ పక్కనే ఉండి, "మేం వీపీ తెప్పించినట్లే చేసిండు. అయితే ఆ కవరు దారిల పోతే అన్నీ ఒక్కసారే పోతయి గదా?" అంది. అదీ నిజమే. కలిపిన కట్టకు ఆ ఒక్క భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకే విలువైనవి కలిపినప్పుడు మిగిలిన దాంట్లో కొంత పెట్టి ఇన్సూరెన్సు చేయించమంటారు.

మన పోస్టాఫీసులో పుస్తకాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కట్ట కలిపితే ఎంత మిగులుతుందో అక్కడ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఉన్నన్నాళ్ళూ కిలో పుస్తకాలకు 32 రూపాయలు, ఐదు కిలోలకు 80. ఐదుగురు ఆడవాళ్ళు తలా కిలో తెప్పిస్తే 160, కలిసి తెప్పిస్తే అందులో సగం. 2024 డిసెంబరులో ఆ సర్వీసు ఎత్తేశారు. చిన్న ప్రచురణకర్తలూ పుస్తకాలు అమ్ముకునే రచయిత్రులూ గగ్గోలు పెట్టారు, పార్శిల్ రేట్లు దానికి రెండింతలు పైన ఉన్నాయి మరి. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100, పన్ను అదనం. వ్యాపార ప్రకటనలున్నవి అందులో కుదరవు. లెక్క చూడండి, బరువు పదహారు రెట్లు పెరిగితే ఖర్చు ఐదు రెట్లే పెరిగింది. ఆ నలుగురూ ఇప్పుడున్నా అదే పని చేసేవాళ్ళు.

ఇక మన చీరలు. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో లైవు పెట్టి చీరలు చూపించే వాళ్ళ దగ్గర కొనని ఇల్లు మా వీధిలో లేదు. అదీ ఒక రకం వేలమే, ముందు ఎవరు మెసేజ్ పెడితే వాళ్ళది. ధర చెబుతూ చెబుతూ చివర్న "ప్లస్ షిప్పింగ్" అని గబుక్కున అనేస్తారు, పాత పత్రికల చిన్న అక్షరాల లాగే. మా పక్కింటి వదిన ఒకే వారంలో ఒకామె దగ్గర మూడు చీరలు తీసుకుంది. మూడుసార్లు షిప్పింగ్ కట్టించుకుని మూడూ ఒకే కవర్లో పంపింది ఆమె! అడిగితే "ఆర్డర్లు వేరు వేరండీ, సిస్టంలో అలా పడుతుంది" అంది. సిస్టంలో పడేది నిజమే కావచ్చు. కవరు ఒకటే పడింది కదా అని వదిన. ఇప్పుడు వదిన మొదటి చీర తీసుకోగానే "హోల్డ్‌లో పెట్టండి, ఆదివారం దాకా చూసి ఒకేసారి కడతాను, రెండో చీరకు షిప్పింగ్ ఎంత?" అని ముందే అడిగి, ఆ జవాబును ఫోనులో దాచిపెట్టుకుంటోంది. ఒప్పుకోని వాళ్ళ దగ్గర కొనడం మానేసింది. నాకు తెలిసినంతలో ఎక్కువమంది ఒప్పుకుంటారు, ఎవరూ అడగకపోతే మాత్రం తామంతట తాము చెప్పరు.

కొరియరు లెక్కలో ఇంకో సంగతి ఉంది. వాళ్ళు బరువే కాదు, డబ్బా సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. వచ్చింది అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ. 40, 30, 10 సెంటీమీటర్ల డబ్బాకు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు వస్తుంది, లోపల ఉన్నది కిలోన్నర చీరలే అయినా. కాబట్టి కలపమనడమే కాదు, డబ్బాలో కాకుండా కవర్లో బల్లపరుపుగా మడిచి పంపమని కూడా చెప్పాలి. గాలికి కూడా షిప్పింగ్ కడుతున్నాం మనం.

మా వీధిలో ఇప్పుడు నడుస్తున్నది పచ్చళ్ళ పార్శిల్ తగాదా. మూడిళ్ళ పిల్లలు అమెరికాలో ఉన్నారు, ముగ్గురూ దగ్గర దగ్గర ఊళ్ళల్లోనే. మూడు డబ్బాలు కాకుండా ఒకే డబ్బా పంపితే కిలోకు రేటు బాగా తగ్గుతుంది. 2025 ఆగస్టు చివర్లో అక్కడ సుంకాల నిబంధనలు మారి మన పోస్టాఫీసు కొన్నాళ్ళు అమెరికా పార్శిళ్ళు ఆపేసినప్పటి నుంచీ అందరూ మరీ జాగ్రత్తగా లెక్క చూస్తున్నారు. ఎవరి పిల్లవాడి చిరునామా రాయాలో తేలింది, మా మరిదిదే. ఆవకాయ సీసా బరువెక్కువ, కారప్పొడి తేలిక, ఖర్చు ఎలా పంచుకోవాలన్నది మాత్రం తేలలేదు. తలా మూడో వంతు అంటున్నారు ఇద్దరు. ఎవరి బరువుకు వాళ్ళు అంటోంది వదిన, ఆమెది కారప్పొడి కాబట్టి. అత్తమ్మను అడుగుదామని రేపు పొద్దున అందరూ మా ఇంటికే వస్తున్నారు.